జట్టుకు ఒకటే బ్యాటరీ

వైరు లేని డ్రిల్లు, గ్రైండరు కొనే కార్మికుడు యంత్రంతో పాటు ఒక బ్యాటరీ వ్యవస్థకు ఏళ్ల తరబడి కట్టుబడతాడు. ముంబైలో గ్రాంట్ రోడ్డు పక్కన, కామాటిపుర చాళ్లలో ఉండే తెలుగు పనివారు ఆ ఎంపికను ఎలా చేసుకోవాలో ఈ ముఖచిత్ర కథనం వివరిస్తుంది.

ముంబైలో గ్రాంట్ రోడ్డు, బెలాసిస్ రోడ్డు, డంకన్ రోడ్డు, శుక్లాజీ వీధుల నడుమ గల్లీలు గల్లీలుగా పరుచుకున్న కామాటిపుర కట్టుబడి పనితో పుట్టిన పేట. 18వ శతాబ్దపు చివరి పాదంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట పూర్తయి, సముద్రపు పోటు వర్లీ గండి గుండా లోపలికి రాకుండా ఆగిన తరువాత, అంతకు ముందు నీట మునిగే పల్లపు నేలలను పూడ్చి ఇళ్లు కట్టే పని ఊపందుకోగా, నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వచ్చిన కామాటీలు 1795 ప్రాంతంలో ఇక్కడ స్థిరపడ్డారు. రోడ్లు వేయడంలో, పునాదులు తవ్వడంలో, గోడలు లేపడంలో చేయి తిరిగిన ఆ సమాజం నుంచి కూలీలతో పాటు కంట్రాక్టర్లు కూడా ఎదిగారు. 

పార, తాపీ, సుత్తి, ఉలి ఆ తరాల పనిముట్లు కాగా, ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వడ్రంగి, ఫాల్ సీలింగ్ పనివాడు, గ్రిల్లులు బిగించే ఫ్యాబ్రికేటరు భుజాన వేసుకునే సంచిలో బ్యాటరీతో నడిచే డ్రిల్లు తప్పనిసరి వస్తువుగా మారింది. సుత్తికి ఏ కంపెనీ పిడి వేయించినా సరిపోతుంది గానీ, బ్యాటరీ యంత్రానికి మాత్రం దాని కంపెనీ బ్యాటరీయే పట్టాలి. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరో కంపెనీ యంత్రపు గాడిలోకి దిగదు. అందువల్ల మొదటి డ్రిల్లు కొన్న రోజున తీసుకున్న నిర్ణయమే ఆ తరువాత కొనే గ్రైండరు, రంపం, హ్యామర్ల కంపెనీని కూడా చాలావరకు నిర్ణయిస్తుంది. ఊరివాళ్లు, బంధువులు ఒకే గదిలో ఉండి ఒకే సైటుకు పనికి వెళ్లే కామాటిపుర వంటి పేటలో ఈ నిర్ణయాన్ని ఎవరికి వారు తీసుకోవడం నష్టం, జట్టు మొత్తం కూర్చుని తీసుకోవడం లాభం.

వైరు నుంచి బ్యాటరీకి

పిస్తోలు పిడి, వేలితో నొక్కే స్విచ్చు ఉన్న విద్యుత్ డ్రిల్లుకు అమెరికాలోని బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1917లో పేటెంటు పొందింది. అదే సంస్థ 1961లో నికెల్-కాడ్మియం సెల్స్‌తో నడిచే వైరు లేని డ్రిల్లును మార్కెట్లోకి తెచ్చింది. జపాన్‌కు చెందిన మకీటా 1978లో 7.2 వోల్టుల రీచార్జబుల్ డ్రిల్లును విడుదల చేసినా, మన దేశపు కార్మికుడి చేతిలో మాత్రం చాలాకాలం పాటు వైరు యంత్రాలే ఉండేవి. ముంబై ములుండ్‌లో తయారైన రాలీవుల్ఫ్ డ్రిల్లులు, కొల్హాపూర్ జిల్లా శిరోల్‌లోని కులకర్ణి పవర్ టూల్స్ యంత్రాలు ఆ కాలపు పేర్లు. నికెల్-కాడ్మియం బ్యాటరీ బరువెక్కువ, వాడకుండా ఉంచినా చార్జింగ్ దిగిపోతుంది, పైగా అందులోని కాడ్మియం విషపదార్థం.

ఈ పరిస్థితిని మార్చింది లిథియం అయాన్ సెల్. సోనీ సంస్థ 1991లో దీన్ని వాణిజ్యపరంగా తెచ్చింది. దీని వెనుక ఉన్న పరిశోధనకు గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది. అయితే కెమెరాకు, ల్యాప్‌టాప్‌కు సరిపోయే సెల్, కాంక్రీటును తొలిచే మోటారు ఒక్కసారిగా లాగే కరెంటును ఇవ్వలేకపోయేది. అందుకే పనిముట్లలోకి లిథియం రావడానికి మరో పుష్కర కాలం పట్టింది: 2003లో బాష్ చిన్న స్క్రూడ్రైవరుతో మొదలుపెట్టగా, 2005లో మిల్వాకీ 28 వోల్టుల యంత్రాలను, మకీటా 18 వోల్టుల యంత్రాలను తీసుకొచ్చాయి. ఈ 18 వోల్టుల తరగతే నేడు ప్రపంచమంతటా కట్టుబడి పనివారి సామాన్య ప్రమాణంగా నిలిచింది.

పాత చాళ్లలో పనిచేసేవారికి వైరు లేకపోవడం సౌకర్యం కన్నా ముందు భద్రతకు సంబంధించిన విషయం. గదికి ఒకటో రెండో ప్లగ్ పాయింట్లు ఉండే ఈ భవనాల్లో, పైఅంతస్తు వరండాలో పని కోసం కింది గది నుంచి వైరు లాగి, ప్లగ్ టాప్ లేని ఆ వైరు కొసలను సాకెట్ రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించడం అలవాటుగా సాగుతోంది. వానాకాలంలో తడిసిన మెట్ల మీదుగా పోయే ఆ వైరులో ఉండేది 230 వోల్టుల కరెంటు, కాగా చేతిలోని బ్యాటరీ యంత్రంలో ఉండేది 18 వోల్టులు. గోడ వెంట కట్టిన వెదురు సారువ మీద నిలబడి గ్రిల్లు బిగించేవాడికి ఈ తేడా ప్రాణంతో సమానం.

పెట్టె లోపల ఏముంది?

బ్యాటరీ ప్యాకు ప్లాస్టిక్ డొప్పను విప్పితే, లోహపు గొట్టాల్లాంటి సెల్స్, వాటిని కలుపుతూ వెల్డింగ్ చేసిన సన్నని నికెల్ పట్టీలు, పైన ఒక చిన్న సర్క్యూట్ బోర్డు కనిపిస్తాయి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న సెల్‌ను 18650 అనీ, 21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు ఉన్నదాన్ని 21700 అనీ పిలుస్తారు. సెల్స్‌ను ఒకదాని కొసకు ఒకటి కలిపితే, అంటే సిరీస్‌లో పెడితే, వోల్టేజి పెరుగుతుంది. పక్కపక్కన కలిపితే, అంటే పారలల్‌లో పెడితే, ఎంతసేపు నడుస్తుందో చెప్పే ఆంపియర్-అవర్ (ఏహెచ్) సామర్థ్యం పెరుగుతుంది.

ఒక్కో సెల్ సగటు వోల్టేజి 3.6 కనుక ఐదు సెల్స్ సిరీస్‌లో ఉంటే 18 వోల్టులు. నిండుగా చార్జ్ అయినప్పుడు ఒక్కో సెల్ 4.2 వోల్టులు చూపుతుంది కనుక అవే ఐదు సెల్స్ అప్పుడు 21 వోల్టులు చూపుతాయి. పెట్టె మీద ‘18 వోల్ట్’, ‘20 వోల్ట్ మ్యాక్స్’, ‘21 వోల్ట్’ అని మూడు రకాలుగా రాసి ఉన్నా లోపల ఉన్నవి ఐదు సెల్సే. ‘12 వోల్ట్ మ్యాక్స్’ అంటే మూడు సెల్స్, ‘40 వోల్ట్ మ్యాక్స్’ అంటే పది సెల్స్. నాసిరకం యంత్రాల మీద ఇంకా పెద్దగా ముద్రించే 48, 88 వంటి అంకెల్లో చాలావరకు మోడల్ గుర్తులే గానీ వోల్టుల లెక్క కావు. కాబట్టి కొనేవాడు పైన ముద్రించిన అంకెను వదిలి, బ్యాటరీ అడుగున ఉండే చీటీ మీది సగటు వోల్టేజిని, వాట్-అవర్ అంకెను చూడాలి. వోల్టులను ఆంపియర్-అవర్‌లతో గుణిస్తే వచ్చేదే వాట్-అవర్, అంటే బ్యాటరీలో నిలవ ఉన్న మొత్తం శక్తి. 18 వోల్టుల 2 ఏహెచ్ బ్యాటరీలో 36, 5 ఏహెచ్ బ్యాటరీలో 90 వాట్-అవర్‌ల శక్తి ఉంటుంది. వెయ్యి వాట్-అవర్‌లు ఒక యూనిట్ కనుక, చార్జరులో పోయే నష్టాన్ని తీసివేసినా ఒక్క యూనిట్ కరెంటుతో పెద్ద బ్యాటరీ తొమ్మిది, పది సార్లు నిండుతుంది.

పెద్ద బ్యాటరీ ఎక్కువసేపు నడవడమే కాదు, యంత్రానికి ఎక్కువ బలాన్ని కూడా ఇస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఉదాహరణకు ఇనుము కోస్తున్న గ్రైండరు 500 వాట్లు లాగుతుందనుకుంటే, 18 వోల్టుల దగ్గర అది దాదాపు 28 ఆంపియర్లు. ఒకే వరుస సెల్స్ ఉన్న బ్యాటరీలో ప్రతి సెల్ ఆ 28 ఆంపియర్లనూ మోయాలి, రెండు వరుసలు ఉంటే ఒక్కో సెల్ మీద 14 మాత్రమే పడుతుంది. ఇద్దరు బోయీలు మోసే పల్లకీకి నలుగురు భుజం పట్టినట్టే ఇది. సెల్ లోపలి నిరోధం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక, రెండు వరుసల్లో ఒక్కో సెల్ వేడి నాలుగో వంతుకు పడిపోయి, సెల్స్ సంఖ్య రెట్టింపైనా మొత్తం వేడి సగమే అవుతుంది. స్క్రూలు బిగించే డ్రిల్లుకు ఒక వరుస బ్యాటరీ చాలు, గ్రైండరుకు, రంపానికి, హ్యామరుకు రెండు వరుసలది తప్పనిసరి. మోటారు విషయంలో కూడా తేడా ఉంది: మామూలు మోటారులో కార్బన్ ముక్కలు తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందిస్తాయి, అరిగినప్పుడల్లా ‘కార్బన్’ మార్చాలి, బ్రష్‌లెస్ మోటారులో ఆ పనిని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ చేస్తుంది కనుక రాపిడి లేక, అదే బ్యాటరీతో ఎక్కువ పని జరుగుతుంది. రోజువారీ పనివాడికి బ్రష్‌లెస్ మీద పెట్టే అదనపు ధర వృథా కాదు.

గోడను బట్టి యంత్రం

కామాటిపుర పనివాడు ఒకే వారంలో రెండు కాలాల గోడలతో తలపడతాడు. మొదటివి మరమ్మతుల కోసం ప్రత్యేక సెస్ చెల్లించే పాత భవనాల గోడలు, అంటే 1969 సెప్టెంబరు 30కి ముందు కట్టిన అద్దె భవనాలవి; ఈ భవనాల్లో పాతవి చాలావరకు టేకు దూలాల చట్రంలో ఇటుకలు పేర్చి సున్నంతో కట్టినవి. అటువంటి గోడకు బిట్టు ఆనించగానే మొదట తెల్లని సున్నపు పొడి, ఆ తరువాత ఎర్రని ఇటుక పొడి రాలుతుంది. పొడికి బదులు చెక్క తురుము కనబడితే బిట్టు దూలాన్నో స్తంభాన్నో తాకిందని గుర్తించి వెంటనే ఆపాలి, ఎందుకంటే భవనం బరువు దాని మీదే ఉంది. ఈ గోడల్లో హ్యామర్ మోడ్ పెడితే గచ్చు పెళ్లలు ఊడి, రంధ్రం వెడల్పై, స్క్రూ పట్టే ప్లగ్ వదులవుతుంది. హ్యామర్ లేకుండా, పదునైన కార్బైడ్ బిట్టుతో, ఇటుకల మధ్య సున్నపు అతుకును వదిలి ఇటుక నడిబొడ్డున రంధ్రం వేసి, పొడవైన ప్లగ్ దించితే పట్టు నిలుస్తుంది. ఇందుకు మామూలు 12 వోల్టుల డ్రిల్లు కూడా సరిపోతుంది, బరువు తక్కువ కనుక నిచ్చెన మీద చేయి నొప్పి పుట్టదు.

వీటికి పూర్తిగా భిన్నమైనవి కొత్త టవర్ల గోడలు. సుమారు 34 ఎకరాల కామాటిపురను సమూహ పునరభివృద్ధి కింద రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా తిరిగి కట్టించాలని మహారాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. చుట్టుపక్కల పాత భవనాల స్థానంలో ఇప్పటికే టవర్లు లేస్తున్నాయి. అల్యూమినియం పలకల మధ్య పోసిన కాంక్రీటు గోడలు, పనివారి మాటలో మైవాన్ గోడలు, బిట్టు కింద బూడిద రంగు పొడిని కొద్దికొద్దిగానే వదులుతాయి. ఇక్కడ ‘ఇంపాక్ట్ డ్రిల్లు’ పనికిరాదు. అందులో పళ్లున్న రెండు చక్రాలు ఒకదానిపై ఒకటి జారుతూ చిన్న దెబ్బలు వేస్తాయి గనుక బలమంతా పనివాడి భుజం నుంచే రావాలి. రోటరీ హ్యామరులో ఒక పిస్టన్ గాలిని కుదించి లోపలి దిమ్మెను బిట్టు మీదికి విసురుతుంది కనుక దెబ్బ బలం యంత్రానిదే అవుతుంది. ఆ బలాన్ని జూళ్లలో కొలుస్తారు. సుమారు 2 జూళ్ల బలమున్న 18 వోల్టుల హ్యామరు 6 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రాలను సులువుగా వేస్తుంది. దీనికి వాడే గాళ్లున్న బిట్టును ఎస్‌డీఎస్ ప్లస్ అంటారు; ఇది కంపెనీలన్నిటికీ ఉమ్మడి ప్రమాణం అయింది కనుక బిట్ల విషయంలో ఏ కంపెనీకీ కట్టుబడనక్కరలేదు.

వైరు యంత్రాలకు కాలం చెల్లలేదని కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. కన్సీల్డ్ వైరింగ్ కోసం గోడలో గాళ్లు కోయడం, గ్రానైటు కోయడం, గచ్చు పగలగొట్టడం వంటి ఆగకుండా సాగే పనులకు బ్యాటరీలు వరుసగా ఖాళీ అవుతాయి. వాటికి మార్బుల్ కటరు, డిమోలిషన్ హ్యామరు వైరుతోనే ఉండాలి, ఆ వైరుకు సరైన ప్లగ్, సైటు బోర్డులో లీకేజీ కరెంటును పసిగట్టి ఆపే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు ఉండాలి. వైరు ఉన్నా లేకపోయినా కాంక్రీటు పొడిలోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. మంచి మాస్కు లేకుండా కొన్న యంత్రం సగం కొన్నట్టే.

నకిలీని పట్టే తూకం

మస్జిద్ బందర్ వైపు నాగ్‌దేవి వీధి పనిముట్ల అంగళ్లకు, గ్రాంట్ రోడ్డు పక్కనే ఉన్న లామింగ్టన్ రోడ్డు ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరుపడ్డాయి. ఇటువంటి పెద్ద బజార్లలో అసలు సరుకుతో పాటు పేరున్న కంపెనీల రూపంలో చేసిన నకిలీ బ్యాటరీలు కూడా కలిసే అవకాశం ఉంటుంది. వాటిని పట్టడానికి కూరగాయల తక్కెడ చాలు. ఒక 18650 సెల్ బరువు 45 గ్రాములకు కాస్త అటూఇటూ ఉంటుంది కనుక పది సెల్స్ ఉన్న 5 ఏహెచ్ ప్యాకు డొప్పతో కలిపి 600 గ్రాములు దాటాలి. ‘5 ఏహెచ్’ అని రాసి 400 గ్రాములే తూగితే లోపల ఉన్నది ఐదు సెల్స్ అని అనుమానించాలి. 18650 రకం సెల్ ఒక్కొక్కటి ఎక్కువ కరెంటు ఇస్తూ నిలవ ఉంచగలిగేది సాధారణంగా 2 నుంచి 3 ఏహెచ్ మాత్రమే. ఐదు సెల్స్‌తో 6 ఏహెచ్ అని రాసినది ఆ లెక్కకు నిలవదు. లిథియం సెల్స్‌కు మన దేశంలో ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ నమోదు తప్పనిసరి. ఆ ముద్ర, సీరియల్ నంబరు, బిల్లు లేని బ్యాటరీకి వారంటీ ఉండదు.

ప్యాకు పాడైతే సెల్స్ మార్పించడం కొన్నిసార్లు అవసరమే, అయితే పాత ల్యాప్‌టాప్ ప్యాకుల నుంచి తీసిన సెల్స్ కొద్ది ఆంపియర్లకే తయారైనవి కనుక, డ్రిల్లు 20, 30 ఆంపియర్లు లాగితే అవి కాగిపోతాయి. ఒకే రకం, ఒకే వయసు ఉన్న, ఎక్కువ కరెంటు ఇవ్వగల కొత్త సెల్స్‌నే వాడాలి, వాటిని స్పాట్ వెల్డింగ్‌తో కలపాలి, సోల్డరింగ్ వేడి తగలకూడదు. ఒక కంపెనీ బ్యాటరీని మరో కంపెనీ యంత్రానికి కలిపే అడాప్టరులో ఇంకో ప్రమాదం ఉంది: సెల్స్ వోల్టేజి మరీ దిగినప్పుడు యంత్రాన్ని ఆపే ఏర్పాటు కొన్ని కంపెనీలు బ్యాటరీలో పెడితే, కొన్ని యంత్రంలో పెడతాయి, అడాప్టరు పెడితే ఆ కాపలా తెగిపోయి సెల్స్ చచ్చిపోవచ్చు.

చాల్ గదిలో చార్జింగ్

పది అడుగుల గదిలో, చెక్క అటక కింద, ఒకే ద్వారం ఉన్న చోట రాత్రంతా నాలుగు బ్యాటరీలు చార్జింగ్‌లో పెట్టి నిద్రపోవడం సరికాదు. దెబ్బతిన్న లిథియం సెల్ ఒకసారి అదుపు తప్పి కాగితే పక్క సెల్‌ను కూడా అంటిస్తుంది, ఆ పొగ విషపూరితం. చార్జింగ్ మెలకువగా ఉన్నప్పుడు, పరుపులకు, గ్యాసు పొయ్యికి దూరంగా, నేల మీద కడప రాతి పలక వంటి కాలని చోట జరగాలి. కిందపడి డొప్ప పగిలినది, ఉబ్బినది, నీట మునిగినది మళ్లీ చార్జింగ్‌కు పెట్టకూడదు. పని నుంచి దింపిన వేడి బ్యాటరీని చల్లారనిచ్చి గాని చార్జరులో పెట్టరాదు, 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ సెల్ ఆయుష్షును తగ్గిస్తుంది. దసరాకో సంక్రాంతికో నెల రోజులు ఊరికి వెళ్లేటప్పుడు సగం చార్జింగ్‌తో పొడి చోట ఉంచి వెళ్లడం మేలు. ముంబై మీదుగా గల్ఫ్‌కు వెళ్లే పనివారు తెలుసుకోవలసిన సంగతి, విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్‌ల లోపువి మాత్రమే ముందస్తు అనుమతి లేకుండా వెళ్తాయి; 90 వాట్-అవర్‌ల 5 ఏహెచ్ బ్యాటరీ ఆ హద్దు లోపలే ఉంటుంది, 6 ఏహెచ్‌ది దాటుతుంది. ఆయుష్షు తీరిన బ్యాటరీని చెత్తకుప్పలో వేయరాదు; 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే కనుక వాటిని సర్వీస్ సెంటరుకు తిరిగి ఇవ్వాలి.

కలిసి కూర్చుని ఎంచుకోవాలి

ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ ఒకే రకం చార్జింగ్ రంధ్రం చట్టరీత్యా తప్పనిసరైంది గానీ, పనిముట్ల బ్యాటరీలకు అటువంటి ఉమ్మడి ప్రమాణం ఇంకా లేదు. జర్మనీలో మెటాబో ముందుండి 2018లో మొదలుపెట్టిన కార్డ్‌లెస్ అలయన్స్ సిస్టమ్ వంటి కూటముల్లో కొన్ని కంపెనీలు ఒకే బ్యాటరీని పంచుకుంటున్నా, పెద్ద కంపెనీలు చాలావరకు ఎవరి గాడి వారిదిగానే ఉంచుకున్నాయి. ఒకే కంపెనీలో కూడా, బాష్ నీలం రంగు వృత్తి యంత్రాల బ్యాటరీ ఆకుపచ్చ గృహ యంత్రాలకు పట్టదు. కంపెనీలు కలవని చోట కార్మికులే కలవాలి.

నలుగురు ఉన్న జట్టు నాలుగు కంపెనీల డ్రిల్లులు కొంటే ఆ గదిలో నాలుగు రకాల చార్జర్లు, ఒకరికొకరు అక్కరకు రాని ఎనిమిది బ్యాటరీలు పోగవుతాయి. అదే నలుగురు ఒకే 18 వోల్టుల వ్యవస్థను ఎంచుకుంటే, రెండు డ్రిల్లులు, ఒక రోటరీ హ్యామరు, ఒక గ్రైండరు, నాలుగు 5 ఏహెచ్ బ్యాటరీలు, రెండు 2 ఏహెచ్ బ్యాటరీలు, రెండు చార్జర్లతో అన్ని పనులూ సాగుతాయి. తరువాతి యంత్రాలను బ్యాటరీ, చార్జరు లేకుండా బాడీ మాత్రమే కొనుక్కోవచ్చు. పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు బాడీ ఒక్కటి కొనుక్కుని మర్నాడే పనికి వెళ్లగలడు, ఊరికి వెళ్లినవాడి బ్యాటరీ మిగిలినవారి దగ్గర పనిలో ఉంటుంది. దీనికి చీటీ పాట డబ్బే పెట్టుబడి కావచ్చు. ఎవరి పేరు మీద ఏ వస్తువు ఉందో, ఏ తేదీన కొన్నదో, విడిపోయేటప్పుడు ఎవరికి ఏది చెందుతుందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే తగవులకు తావుండదు.

వ్యవస్థను ఎంచుకునేటప్పుడు జట్టు అడగవలసిన ప్రశ్నలు నాలుగే: తమకు కావలసిన యంత్రాలన్నీ ఆ బ్యాటరీతో దొరుకుతాయా, సర్వీస్ సెంటరు లోకల్ రైలులో వెళ్లి అదే రోజు తిరిగి రాగల దూరంలో ఉందా, ఆ బ్యాటరీ విడిగా నిలకడైన ధరకు అమ్ముతున్నారా, తోటి జట్లలో ఎక్కువమంది దగ్గర అదే ఉందా. కంపెనీ పేరు ఈ నాలుగు జవాబుల తరువాత రావాలి. పొద్దున నాకా (కూలీల అడ్డా) మీద నిలబడేవారిలో పనిముట్టు లేనివాడికి మేస్త్రీ చెప్పిందే కూలి, సొంత పనిముట్టు ఉన్నవాడు పనిని లెక్కగట్టి తన రేటు తాను చెప్పుకోగలడు. ఆయుధపూజ నాటికి కొత్త యంత్రం కొనాలనుకునే ప్రతి జట్టూ అంగడికి వెళ్లడానికి ముందే ఒక పూట కూర్చుని బ్యాటరీని ఖాయం చేసుకుంటే, ఆ రేటు చెప్పే శక్తి ఒక్కరి దగ్గర ఆగకుండా గదిలోని అందరికీ అందుతుంది.